సూది మందు దాకా చేరేలోపే: అమెరికాలో స్ట్రోక్ వైద్యం, జాతి తేడాలు

అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీలో స్ట్రోక్‌తో ఆసుపత్రుల్లో చేరినవారి రికార్డులను కొందరు వైద్య పరిశోధకులు వరసపెట్టి చూశారు. మెదడులో రక్తనాళం పూడుకుపోయి స్ట్రోక్ వచ్చినవాళ్లు మొత్తం 1,044 మంది. అందులో నూటికి 74 మంది నల్లజాతీయులు, 19 మంది శ్వేతజాతీయులు. గడ్డను కరిగించే సూది మందు టీపీఏ శ్వేతజాతీయుల్లో నూటికి పదిమందికి అందింది. నల్లజాతీయుల్లో ముగ్గురికే అందింది.

ఇక్కడితో ఆపేస్తే, డాక్టర్లు ఒంటి రంగు చూసి మందు ఇస్తున్నారని అనిపిస్తుంది. కానీ 2011లో వెలువడిన ఆ పరిశోధనలోనే ఇంకో లెక్క ఉంది. వైద్యపరంగా ఆ మందుకు అర్హులని తేలినవారిని మాత్రమే తీసుకుంటే, శ్వేతజాతీయుల్లో 76 శాతం మందికి, నల్లజాతీయుల్లో 70 శాతం మందికి సూది పడింది. అంటే డాక్టర్ చేతిలో సిరంజి ఉన్న ఆ చివరి క్షణంలో తేడా చాలా చిన్నది.

మరి పదికీ మూడుకీ మధ్య ఉండాల్సినవాళ్లు ఎక్కడ జారిపోయారు? జవాబు ఆ లెక్కల్లోనే మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఆసుపత్రికి చేరినవాళ్లు శ్వేతజాతీయుల్లో 21 శాతం, నల్లజాతీయుల్లో 13 శాతం. సమయానికి చేరినవాళ్లలోనూ మందు అందినది శ్వేతజాతీయుల్లో 46 శాతానికి, నల్లజాతీయుల్లో 27 శాతానికి. ఎందుకంటే వేళకు వచ్చినా చాలామంది నల్లజాతీయులు వేరే కారణాలవల్ల ఆ మందుకు అనర్హులయ్యారు. మొత్తం రోగుల్లో అర్హులుగా మిగిలింది శ్వేతజాతీయుల్లో 13 శాతం, నల్లజాతీయుల్లో 5 శాతం.

స్ట్రోక్ వైద్యంలో జాతి తేడా గురించి మాట్లాడేటప్పుడు అందరి కళ్లూ ఎమర్జెన్సీ గదిలోని డాక్టర్ మీదే ఉంటాయి. అక్కడ పక్షపాతం లేదని కాదు, ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం. కానీ ఎక్కువమంది ఆ గది గుమ్మం దాటకముందే జారిపోతున్నారు. ఇంటినుంచి ఆసుపత్రికి ఉన్న దారిలో, ఆ దారి చివర ఎలాంటి ఆసుపత్రి ఉందన్న దానిలో, అంతకుముందు ఇరవయ్యేళ్లుగా బీపీకి అందని మందులో అసలు తేడా ఉంది.

నిమిషాల జబ్బు

మన ఊళ్లలో దీన్ని పక్షవాతం అంటారు. కాలూ చెయ్యీ పడిపోయింది, మూతి వంకరపోయింది అంటారు. పడిపోయేది కాలే అయినా దెబ్బ తగిలేది మెదడుకి. అమెరికాలో ఏటా సుమారు 7,95,000 మందికి స్ట్రోక్ వస్తోంది. నూటికి 87 కేసుల్లో కారణం రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు.

1996 జూన్ వరకూ ఈ జబ్బుకు అప్పటికప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. ఆ నెలలో టీపీఏకి అనుమతి వచ్చింది. మొదట గడువు 3 గంటలు. తర్వాతి పరిశోధనలతో కొందరికి అది నాలుగున్నర గంటలకు పెరిగింది. 2015లో ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన ఐదు ట్రయల్స్ ఇంకో తలుపు తెరిచాయి. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, మెదడులోని గడ్డను పట్టి బయటికి లాగేయవచ్చని తేలింది. దీన్ని థ్రాంబెక్టమీ అంటారు. స్కాన్ చూసి ఎంచుకున్న కొందరికి 24 గంటల దాకా ఇది పనిచేస్తుందని 2018 నాటికి రుజువైంది.

ఇది వైద్యానికి గొప్ప విజయం. అయితే ఇందులో బాధ కలిగించే కోణం ఒకటుంది. ఇవ్వడానికి ఏ మందూ లేని రోజుల్లో చిన్న ఆసుపత్రికి వెళ్లినా, పెద్ద ఆసుపత్రికి వెళ్లినా అందే వైద్యంలో పెద్దగా తేడా ఉండేది కాదు. మందు వచ్చాక, ఆ తర్వాత థ్రాంబెక్టమీ వచ్చాక, ఏ ఆసుపత్రికి వెళ్లారన్నదే మనిషి మళ్లీ నడుస్తాడా, మాట్లాడతాడా అన్నది తేల్చే విషయమైంది. చికిత్స మెరుగైన ప్రతిసారీ దాన్ని ఇవ్వగల ఆసుపత్రికి దగ్గరగా ఉన్నవాళ్లకీ, దూరంగా ఉన్నవాళ్లకీ మధ్య అగాధం పెరిగింది.

మొదటి ఫోన్ ఎవరికి?

వాషింగ్టన్ డీసీలోనే అదే రోజుల్లో ఇంకో అధ్యయనం జరిగింది. పేదలు, ప్రధానంగా నల్లజాతీయులు ఉండే పేటల్లో జనాన్ని కలిసి, స్ట్రోక్ వస్తే మొదట ఏం చేస్తారని అడిగారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అత్యవసర సేవల నంబర్ 911కి ఫోన్ చేస్తామన్నారు. నిజంగా స్ట్రోక్ వచ్చి ఆసుపత్రిలో చేరిన 100 మందిని అడిగినప్పుడు బయటపడింది వేరు. మొదట 911కి ఫోన్ చేసినవాళ్లు 12 మంది. బంధువుకో స్నేహితుడికో చేసినవాళ్లు 75 మంది.

దీన్ని అవగాహన లేకపోవడం అనేసి పక్కన పెట్టడం అన్యాయం. ఏం చేయాలో వాళ్లకు తెలుసు. తెలిసినా చెయ్యి ఇంకో నంబర్ నొక్కింది. ఆ పరిస్థితిని కాస్త దగ్గరగా చూడాలి. ఉదయం లేచేసరికి కుడి చెయ్యి మొద్దుబారి ఉంటుంది. రాత్రి చెయ్యి మీద ఒత్తుకుని పడుకున్నామేమో అనుకుంటారు. నొప్పి ఉండదు. గుండెపోటులా ఛాతీ పట్టుకుని కూలిపోవడం ఉండదు. కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అనిపిస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లలో చాలామంది చెప్పింది ఇదే. పైగా అంబులెన్స్ ఎక్కితే వేల డాలర్ల బిల్లు రావచ్చు. పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుంది. గంట తర్వాత చెల్లెలికి ఫోన్. ఆమె పనిలోంచి బయటపడి కారు తీసుకుని వచ్చేసరికి ఇంకో గంట. ఆసుపత్రికి చేరాక డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న: ‘చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?’ నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కి గడియారం మెలకువ వచ్చినప్పటినుంచి కాదు, రాత్రి పడుకున్నప్పటినుంచి మొదలవుతుంది. ఒంటరిగా ఉండేవాళ్లకైతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషే ఉండడు.

దారి సంగతీ ఉంది. డీసీని అనకోస్టియా నది చీలుస్తుంది. నదికి తూర్పున ఉన్న ఏడో, ఎనిమిదో వార్డుల్లో అత్యధికులు నల్లజాతీయులు. ఏళ్ల తరబడి ఆ వైపు పెద్దలకు ఉన్న జనరల్ ఆసుపత్రి ఒక్కటే, అదీ డబ్బు ఇబ్బందులతో నడిచింది. 2017లో అక్కడ కాన్పుల విభాగం కూడా మూతపడింది. పేరున్న పెద్ద ఆసుపత్రులన్నీ నదికి పడమటి వైపే. ఎనిమిదో వార్డులో కొత్త ఆసుపత్రి తలుపులు తెరిచింది 2025 ఏప్రిల్‌లో.

తెచ్చిందీ బీపీయే, మందు ఆపిందీ బీపీయే

వేళకు వచ్చినవాళ్లు కూడా ఎందుకు అనర్హులవుతున్నారు? కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో రక్తపోటు ఒకటి. టీపీఏ ఇచ్చేముందు బీపీ 185/110 కంటే తక్కువకి దిగాలి. లేకపోతే గడ్డ కరిగే బదులు మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. బీపీని మందులతో దించేలోపు గడువు దాటిపోవచ్చు. అమెరికాలో వయోజనులైన నల్లజాతీయుల్లో సగానికి పైగా రక్తపోటు ఉన్నవాళ్లే. స్ట్రోక్ తెచ్చిపెట్టిన జబ్బే దాని మందుకు కూడా అడ్డం తిరుగుతోంది.

రిగార్డ్స్ అనే భారీ అధ్యయనం ఈ విషయంలో చాలా చెప్పింది. అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ కేంద్రంగా, జార్జ్ హోవర్డ్ నాయకత్వంలో 2003లో మొదలై, 45 ఏళ్లు దాటిన 30 వేలమందికి పైగా నల్ల, శ్వేతజాతీయులను ఏళ్లతరబడి గమనించింది. పై బీపీ అంకె 10 పాయింట్లు పెరిగితే శ్వేతజాతీయుల్లో స్ట్రోక్ ముప్పు 8 శాతం పెరిగింది. నల్లజాతీయుల్లో 24 శాతం పెరిగింది. అదే పది పాయింట్లు మూడురెట్ల దెబ్బ కొడుతున్నాయి. ఎందుకన్నదానికి పరిశోధకులు చెప్పే కారణాల్లో ముఖ్యమైనవి బీపీ చిన్న వయసులోనే మొదలవడం, ఎక్కువ ఏళ్లు అదుపు లేకుండా ఉండటం.

ఇక్కడ నిజాయతీగా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. నల్లజాతీయులు స్ట్రోక్‌తో ఎక్కువగా చనిపోవడానికి ప్రధాన కారణం వాళ్లకు స్ట్రోకులు ఎక్కువగా రావడం. వచ్చాక ఆసుపత్రిలో ఎక్కువమంది చనిపోవడం అంత పెద్ద కారణం కాదు. మొదటిసారి స్ట్రోక్ వచ్చే ముప్పు నల్లజాతీయుల్లో శ్వేతజాతీయుల కంటే దాదాపు రెట్టింపు. మధ్యవయసులో తేడా ఇంకా ఎక్కువ, ముసలితనంలో తగ్గిపోతుంది. అంటే ఆసుపత్రులన్నీ రేపటికల్లా సమానమైపోయినా మరణాల్లో తేడా మొత్తం మాయం కాదు.

దీన్ని చూపి ఆసుపత్రుల ప్రస్తావన అనవసరం అనేవాళ్లు ఉంటారు. అది పొరపాటు. స్ట్రోక్ వైద్యం ఫలితాన్ని చావుబతుకుల లెక్కలో మాత్రమే కొలవకూడదు. టీపీఏ అనుమతికి ఆధారమైన 1995 నాటి ట్రయల్‌లో కూడా ఆ మందు గొప్పతనం మరణాలు తగ్గించడంలో కనబడలేదు, మూడు నెలల తర్వాత వైకల్యం లేకుండా లేదా స్వల్ప వైకల్యంతో మిగిలినవాళ్లు పెరగడంలో కనబడింది. 52 ఏళ్ల బస్సు డ్రైవర్ ప్రాణంతో ఇంటికి వచ్చి కుడి చెయ్యి లేపలేకపోతే, గణాంకాల్లో అతను బతికినవాడే. ఇంట్లో మాత్రం జీతం ఆగిపోయింది, అతన్ని చూసుకోవడానికి ఇంకొకరి ఉద్యోగం కూడా పోయింది. నల్లజాతీయులకు స్ట్రోక్ వచ్చేది ఎక్కువగా పనిచేసే వయసులోనే కాబట్టి ఈ నష్టం వాళ్ల కుటుంబాలపై మరీ బరువుగా పడుతుంది.

ఏ ఆసుపత్రికి గుర్తింపు వస్తుంది?

అమెరికాలో అన్ని ఆసుపత్రులూ స్ట్రోక్ చూడగలవని చెప్పలేం. అందుకే 2003 చివర్లో జాయింట్ కమిషన్ అనే సంస్థ ‘ప్రైమరీ స్ట్రోక్ సెంటర్’ గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. 2012లో దానిపైన ‘కాంప్రహెన్సివ్’ అనే ఉన్నత స్థాయి వచ్చింది, ఆ తర్వాత మరో రెండు స్థాయిలు చేరాయి. గుర్తింపు కావాలంటే రాత్రీ పగలూ సీటీ స్కాన్ నడవాలి, పిలిస్తే నిమిషాల్లో వచ్చే స్ట్రోక్ టీమ్ ఉండాలి, నర్సులకు శిక్షణ ఇవ్వాలి, ప్రతి కేసు వివరాలూ నమోదు చేయాలి, రెండేళ్లకోసారి తనిఖీకి నిలబడాలి.

ఇది కాగితం మీద ముద్ర మాత్రమే కాదని న్యూయార్క్ రాష్ట్రం అనుభవం చెబుతోంది. అక్కడ 2005-06లో స్ట్రోక్ వచ్చిన దాదాపు 31 వేలమందిని పరిశీలిస్తే, గుర్తింపు ఉన్న సెంటర్లలో చేరినవారిలో 30 రోజుల్లోపు చనిపోయినవాళ్లు 10.1 శాతం, మిగతా ఆసుపత్రుల్లో 12.5 శాతం. గడ్డ కరిగించే మందు ఇచ్చింది గుర్తింపు ఉన్నవాటిలో 4.8 శాతానికి, మిగతావాటిలో 1.7 శాతానికి. చాలా రాష్ట్రాల్లో అంబులెన్సులు కూడా దగ్గర్లోని మామూలు ఆసుపత్రిని దాటుకుని గుర్తింపు ఉన్నదానికే వెళతాయి. అందువల్ల గుర్తింపు ఎక్కడ వచ్చిందన్నది ఏ పేటవాళ్లకు మందు ఎన్ని నిమిషాల దూరంలో ఉందన్న ప్రశ్నే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన ఎమర్జెన్సీ డాక్టర్ రెనీ షియా, ఆర్థికవేత్త యూ-చూ షెన్ సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. 2009 నుంచి 2019 వరకు దేశంలోని దాదాపు 5 వేల జనరల్ ఆసుపత్రుల్లో ఎవరు ఎప్పుడు స్ట్రోక్ గుర్తింపు తెచ్చుకున్నారో చూసి, 2022లో ‘జామా న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించారు. ఆ పదేళ్లలో గుర్తింపు ఉన్న ఆసుపత్రులు 961 నుంచి 1,763కి పెరిగాయి. సంతోషించదగ్గ పెరుగుదలే.

పెరిగింది ఎక్కడ? ఇక్కడే లెక్క కట్టే పద్ధతి ముఖ్యమవుతుంది. జనాభాతో సంబంధం లేకుండా చూస్తే నల్లజాతీయులు ఎక్కువగా, మిగతావాళ్లకు విడిగా బతికే ప్రాంతాల్లోని ఆసుపత్రులే గుర్తింపు తెచ్చుకోవడంలో ముందున్నాయి. ఈ ఒక్క అంకె పట్టుకుంటే వివక్ష తలకిందులైందని కూడా వాదించవచ్చు. కానీ ఆ ప్రాంతాల్లో చాలా వరకు పెద్ద నగరాల నడిబొడ్డున ఉన్నాయి. అక్కడ జనం ఎక్కువ, ఆసుపత్రులు పెద్దవి. పదిలక్షల మందికి ఒక సెంటర్ ఉండటం, లక్షమందికి ఒక సెంటర్ ఉండటం ఒకటి కాదు కదా. జనాభానూ, ఆసుపత్రి పరిమాణాన్నీ లెక్కలోకి తీసుకున్నాక బొమ్మ తిరగబడింది. నల్లజాతీయులు విడిగా బతికే ప్రాంతాల ఆసుపత్రులు గుర్తింపు తెచ్చుకునే అవకాశం, అలాగే విడిగా ఉండే నల్లజాతీయేతర ప్రాంతాలతో పోలిస్తే, 26 శాతం తక్కువ. ఆదాయం తక్కువున్న ప్రాంతాలూ, పల్లెలూ అయితే బాగా వెనకబడ్డాయి.

ఒక పేటలో స్ట్రోక్ ముప్పు రెట్టింపు ఉంటే అక్కడ సెంటర్లు కూడా ఎక్కువ ఉండాలని మామూలు ఆలోచన చెబుతుంది. జరుగుతున్నది దానికి ఎదురు. ఎవరో కావాలని గీత గీసి ఈ పేటకి వద్దని చెప్పడంవల్ల ఇది జరగడం లేదు. గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకోవాలా వద్దా అన్నది ఆసుపత్రి ఇష్టం. రాత్రింబవళ్లూ న్యూరాలజిస్టును అందుబాటులో ఉంచడానికి డబ్బు కావాలి. మంచి ప్రైవేటు బీమా ఉన్న రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రికి ఆ డబ్బు తిరిగొస్తుంది. బీమా లేనివాళ్లు, ఆసుపత్రులకు తక్కువ చెల్లించే పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ ఉన్నవాళ్లు వచ్చే ఆసుపత్రికి రాదు. ఇంకో ఇబ్బందీ ఉంది. థ్రాంబెక్టమీ స్థాయి గుర్తింపుకి ఏడాదికి కనీసం 15 థ్రాంబెక్టమీలు చేసి ఉండాలి. చేయి తిరిగిన డాక్టర్లే చేయాలన్నది సరైన నియమమే. కానీ గుర్తింపు లేకపోతే అంబులెన్సులు రావు, అంబులెన్సులు రాకపోతే కేసులు రావు, కేసులు లేకపోతే గుర్తింపు రాదు. వెనకబడ్డ ఆసుపత్రి ఈ చక్రంలోంచి తనంతట తాను బయటపడటం చాలా కష్టం.

రెండు గుమ్మాల ఆసుపత్రి

ఏ ఆసుపత్రి దగ్గర డబ్బుంది, ఏది ఎక్కడ కట్టారు అన్నవి గాలిలోంచి పుట్టలేదు. 1946లో అమెరికా ప్రభుత్వం హిల్-బర్టన్ చట్టం తెచ్చి దేశమంతా ఆసుపత్రులు కట్టడానికి నిధులిచ్చింది. ‘వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు’ అంటూ నల్లజాతీయులకు వేరే వార్డులు, వేరే ఆసుపత్రులు కట్టడానికి ఆ చట్టమే వీలు కల్పించింది. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నల్లజాతి డెంటిస్టు జార్జ్ సిమ్‌కిన్స్, మరికొందరు డాక్టర్లు, రోగులు కలిసి వేసిన కేసులో 1963లో అప్పీల్ కోర్టు ఆ వెసులుబాటు చెల్లదని చెప్పింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. అందులోని ఆరో అధ్యాయం ప్రకారం, కేంద్రం సొమ్ము తీసుకునే సంస్థ జాతి, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదు. 1966 జులైలో వృద్ధుల బీమా పథకం మెడికేర్ మొదలైంది. ఆ డబ్బు కావాలంటే వార్డులు కలిపేయాల్సిందే. దశాబ్దాల ఉద్యమం ఒప్పించలేని ఆసుపత్రుల్ని కూడా ఆ షరతు నెలల వ్యవధిలో దారికి తెచ్చింది. వైద్యంలో సమానత్వం ఎలా వస్తుందన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అట్లాంటాలోని గ్రేడీ ఆసుపత్రి ఈ చరిత్రనంతా ఒక్క భవనంలో చూపిస్తుంది. 1958లో తెరిచిన ఆ భవనాన్ని ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఆకారంలో కట్టారు. ఒక వైపు శ్వేతజాతీయులకు, ఒక వైపు నల్లజాతీయులకు. ఒకే ఆసుపత్రి అయినా రెండింటిలా నడిచేది, అందుకే ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని బహువచనంలో ‘ది గ్రేడీస్’ అనేవారు. వార్డులు కలిశాక అది నగరంలోని పేదలందరికీ దిక్కయింది. 2007 నాటికి అప్పులతో మూతపడే దశకి వచ్చింది. పాలన మార్చి, దాతలు ఆదుకోవడంతో నిలబడింది. 2010లో హోమ్ డిపో దుకాణాల సంస్థ సహ వ్యవస్థాపకుడు బెర్నీ మార్కస్ విరాళంతో అక్కడ స్ట్రోక్ సెంటర్ తెరిచారు. రోగుల్లో అత్యధికులు నల్లజాతీయులు, చాలామందికి బీమా లేదు. అయినా అది కాంప్రహెన్సివ్ గుర్తింపు తెచ్చుకుని, ఆ ప్రాంతమంతటినుంచీ కష్టమైన కేసులు వచ్చే సెంటరుగా ఎదిగింది.

పేదల ఆసుపత్రిలో ఉత్తమ వైద్యం కుదరదనేవాళ్లకు గ్రేడీయే జవాబు. అదే గ్రేడీ ఇంకో ప్రశ్న కూడా వేస్తోంది. ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఈ స్థాయి రావడానికి ఒక కోటీశ్వరుడి మనసు కరగాల్సి వచ్చింది. ఆయన ఊరు అట్లాంటా కాబట్టి అట్లాంటాకి వచ్చింది. మిసిసిపీ డెల్టాలోని పల్లెకు అలాంటి దాత ఎక్కడ దొరుకుతాడు?

లోపలికి వెళ్లాక

గుమ్మం దాటాక అంతా సమానమేనా? కాదు. 2003-08 మధ్య 1,181 ఆసుపత్రుల్లో చేరిన దాదాపు 4 లక్షల మంది స్ట్రోక్ రోగులపై 2010లో వచ్చిన విశ్లేషణలో, మిగతా తేడాలన్నీ సర్దుబాటు చేశాక కూడా నల్లజాతీయులకు టీపీఏ అందే అవకాశం శ్వేతజాతీయుల కంటే సుమారు 16 శాతం తక్కువగానే ఉంది. కాళ్లలో గడ్డలు రాకుండా ఇచ్చే మందు, గుండె లయ తప్పినవాళ్లకి రక్తం పలచబడే మందు, కొలెస్ట్రాల్ మందు, వీటన్నిటిలోనూ వెనకే ఉన్నారు. ఇవేవీ ఖరీదైన చికిత్సలు కావు, చీటీ మీద రాయాల్సిన మందులు. ఈ ఆసుపత్రులన్నీ స్ట్రోక్ వైద్యం మెరుగుపరుచుకుంటామని స్వచ్ఛందంగా ముందుకొచ్చినవి కూడా. ఆ ఏళ్లలో అన్ని జాతుల వారికీ వైద్యం మెరుగుపడిందన్నది మాత్రం ఊరట.

ఇంకా ముందే, అసలు అది స్ట్రోక్ అని గుర్తించకపోవడం ఇంకో సమస్య. తలనొప్పి, కళ్లు తిరగడం అని ఎమర్జెన్సీకి వచ్చి ఇంటికి పంపేయబడి, కొద్దిరోజుల్లోనే స్ట్రోక్‌తో తిరిగొచ్చినవాళ్లపై జాన్స్ హాప్‌కిన్స్‌కి చెందిన డేవిడ్ న్యూమన్-టోకర్ బృందం 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. ఇలా పొరబడే అవకాశం మహిళల్లో సుమారు 33 శాతం, శ్వేతజాతీయులు కానివారిలో 20 నుంచి 30 శాతం ఎక్కువని తేలింది. చిన్న వయసువారిలో అది ఇంకా చాలా ఎక్కువ. నల్లజాతి స్త్రీ, నలభై ఏళ్లు, కళ్లు తిరుగుతున్నాయని వచ్చింది: ఈ మూడూ కలిసినచోట డాక్టర్ మనసు టెన్షన్ అనో మైగ్రేన్ అనో ముందే నిర్ణయించేసుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ మాత్రం నేరుగా డాక్టరూ, శిక్షణా జవాబు చెప్పుకోవాలి.

పటం మీద బెల్టు

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో స్ట్రోక్ మరణాలు మిగతా దేశం కంటే ఎక్కువని 1960ల నుంచీ తెలుసు. నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, జార్జియా, అలబామా, మిసిసిపీ, టెనెసీ, ఆర్కన్సా, లూసియానా. ఈ ఎనిమిదింటినీ కలిపి స్ట్రోక్ బెల్ట్ అంటారు. అక్కడ శ్వేతజాతీయులకూ ముప్పు ఎక్కువే. నల్లజాతీయులకు ప్రాంతం, జాతి రెండూ కలిసి పడతాయి.

పేదలకిచ్చే మెడికెయిడ్ బీమాను మరింతమందికి విస్తరించడానికి 2010 నాటి ఆరోగ్య చట్టం డబ్బు ఇస్తానంది. అది రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 చివరికి 40 రాష్ట్రాలు తీసుకున్నాయి, పది తీసుకోలేదు. ఆ పదిలో ఐదు స్ట్రోక్ బెల్ట్‌లోనివే: జార్జియా, అలబామా, మిసిసిపీ, సౌత్ కరోలినా, టెనెసీ. బీమా లేనివాడికి స్ట్రోక్ వస్తే 1986 చట్టం ప్రకారం ఏ ఎమర్జెన్సీ అయినా చూసి, ప్రమాదం గట్టెక్కించాల్సిందే. కానీ అదే మనిషికి అంతకుముందు పదేళ్లపాటు బీపీ మాత్ర రాసే డాక్టర్‌ని చూపించే చట్టం ఏదీ లేదు.

ఇదే బెల్ట్ మంచి దారి కూడా చూపింది. జార్జియాలోని అగస్టాలో మెడికల్ కాలేజీ న్యూరాలజిస్టులు 2003లో రీచ్ అనే పద్ధతి మొదలుపెట్టారు. న్యూరాలజిస్టు లేని పల్లె ఆసుపత్రిలో రోగిని కెమెరా ముందు ఉంచితే, అగస్టాలోని డాక్టర్ ఇంటర్నెట్ ద్వారా చూసి, స్కాన్ చదివి, మందు ఇవ్వమని చెబుతారు. సూది పల్లెలోనే పడుతుంది, అవసరమైతే ఆ తర్వాత రోగిని పెద్ద ఆసుపత్రికి తరలిస్తారు. టెలీస్ట్రోక్ అనే ఈ పద్ధతి ఇవాళ దేశమంతా ఉంది. ప్రతి పేటలోనూ న్యూరాలజిస్టు ఉండకపోయినా న్యూరాలజిస్టు కన్ను ఉండగలదు. దానికి చెల్లింపు ఆగకుండా చూడటం, ముప్పు ఎక్కువున్న పేటల ఆసుపత్రులకు గుర్తింపు కోసం ప్రత్యేక నిధులివ్వడం, సెంటర్ ఎక్కడ రావాలో మార్కెట్‌కి వదిలేయకుండా రాష్ట్రం ప్రణాళిక వేయడం: ఈ మూడూ చేయగలిగిన పనులే.

మనవాళ్లు ఏ గడిలో?

అమెరికాలోని తెలుగువాళ్లు ఈ లెక్కల్లో విడిగా కనిపించరు. చైనీయులు, ఫిలిపినోలు, వియత్నామీలతో కలిపి ‘ఏషియన్’ అన్న ఒకే గడిలో ఉంటారు. ఆ గడి మొత్తాన్ని శ్వేతజాతీయులతో పోల్చిన 2019 నాటి విశ్లేషణలో, ఏషియన్ రోగులు మరింత తీవ్రమైన స్ట్రోక్‌తో ఆసుపత్రికి వస్తున్నారని, ఆసుపత్రిలో మరణాలు కూడా కాస్త ఎక్కువని తేలింది. చదువు, ఆదాయం ఎక్కువున్న సముదాయమని పేరు పడినచోట కూడా ఇలా ఉంది. ఆ గడి లోపల ఎవరి పరిస్థితి ఎలా ఉందో తెలియాలంటే ముందు వేరుగా లెక్కపెట్టాలి.

పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మానాన్నల సంగతి వేరే. డెబ్బై ఏళ్లు, బీపీ, షుగర్, ముందునుంచీ ఉన్న జబ్బులకు పరిమితంగానే వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్. పగలు ఇంట్లో ఒంటరిగా ఉంటారు. మాట తడబడితే మొదటి ఫోన్ 911కి వెళ్లదు, ఆఫీసులో ఉన్న కొడుక్కి వెళుతుంది. డీసీలో ఆ 75 మంది చేసింది కూడా ఇదే. ఎమర్జెన్సీలో బీమా అడిగి వెనక్కి పంపకూడదన్న 1986 చట్టం వీళ్లకూ వర్తిస్తుంది. 1964 చట్టంలోని ఆరో అధ్యాయం, పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష కూడదన్న ఆ మాట, ఆసుపత్రుల్లో దుబాసీ హక్కుకు కూడా పునాది అయింది. 2010 ఆరోగ్య చట్టం దాన్ని ఇంకా గట్టిపరిచింది. గ్రేడీ వార్డుల మధ్య గోడను తీయించిన చట్టమే, ఇవాళ ‘అమ్మా, చివరిసారి ఒంట్లో బాగున్నది ఎప్పుడు?’ అని ఆవిడని ఫోన్‌లోనైనా తెలుగులో అడిగే మనిషిని ఆసుపత్రి ఖర్చుతో తెప్పిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు వచ్చాకే సూది మందుకి గడువు ఉందో లేదో డాక్టర్ లెక్క చూస్తారు.